అంచున కూర్చునేవాళ్ళు

కృష్ణ రేవులో లాంచీ నడిపే రాజారత్నం రోజూ జనాన్ని ఎక్కించుకునే ముందు, అంచు చుట్టూ కట్టిన ఇనుపతాడు మీద ఒళ్ళంతా వాల్చి చూస్తాడు. ఆ ఉదయం వాల్చగానే తాడు కిర్రుమంది. దాని మీది తెల్లటి ప్లాస్టిక్ తొడుగును కత్తితో చీల్చాడు. లోపలి తీగలు తుప్పుపట్టి పొడిగా రాలాయి. ఒడ్డునే ఉన్న యజమాని శ్రీహరిని కేకేసి పిలిచాడు.

"పైకి మంచిగనే ఉంది గదా! ఇంకో ఏడాది నడుస్తది," అన్నాడు శ్రీహరి.

"అయితే నువ్వే ఒరుగు సారూ, సూద్దాం."

శ్రీహరి ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజారత్నం పళ్ళు కొరుకుతూ పాత తాడును ముక్కలుగా కోసి అతని కాళ్ళ ముందు విసిరేశాడు. ఆ పూట లాంచీ కదలలేదు. మిర్యాలగూడ వెళ్ళి కొత్త తాడు తెచ్చి, అరచేతులు చీరుకుపోతున్నా తానొక్కడే బిగించాడు. నీళ్ళవైపు వీపు పెట్టి దాని మీద వేలాడాడు. తాడు కదలలేదు.

"ఇగ ఎక్కుండ్రి!" అన్నాడు ఒడ్డున కాచుకున్న జనంతో. మొదట ఎక్కిన శ్రీహరి నడిమధ్య బల్ల మీద కూర్చున్నాడు.

"గాడ కాదు సారూ," రాజారత్నం కొత్త తాడు పక్కనున్న బల్ల చూపించాడు. "అంచుకు రా. బడిపిల్లలు రోజూ కూసునేది గీడనే."