ఓల్టేజి తగ్గించే రాజనర్సు

మా రాజనర్సు బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషులను పలకరించేవాడు కాదు, గోడకున్న ఛార్జరును పట్టుకు చూసేవాడు. అది వేడిగా తగిలిందా, ఇక ఆ ఇంట్లో చాయ్ చల్లారిపోవలసిందే. నేను సూరత్ శివారులోని కామ్‌రేజ్‌కు ఇల్లు మారి చాలా కాలమైంది. ఛార్జరు వేడెక్కితే ఇప్పటికీ ఆయనే గుర్తొస్తాడు.

అప్పట్లో సూరత్‌లోని డిండోలిలో మా సందంతా సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ళమే. రాజనర్సు చేతులు సాంచా మీద ఉన్నా ప్రాణం మాత్రం ఓల్టేజి తగ్గించే చిప్పుల మీద. చూడటానికి గోరంత. పన్నెండు ఓల్టులు లోపలికి పంపితే ఐదో నాలుగో, మనం కోరినన్నే బయటికి వస్తాయి. పాడైన సెట్‌టాప్ బాక్సుల్లోంచి వాటిని ఊడబెరికి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. ఎక్కువైతే మాడుతది, తగ్గిస్తే బతుకుతది అనేది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం పుణ్యమా అని మా కాలింగ్ బెల్లు జలుబు చేసిన మైనాలా మూలిగేది. చిప్పు పెడతానని వచ్చి చేతికి చిప్ప ఇచ్చిపోయాడని మా ఆవిడ గొణిగేది. ఆయన భార్య వెంకటవ్వ గొంతు పెంచితే జర ఓల్టేజి తగ్గించుమని సైగ చేసేవాడు. ఆ గొంతుకు సరిపడే చిప్పు మాత్రం ఆయనకు దొరకలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో, సందు చివర ఉండే ఐలమ్మకు జ్వరం పట్టుకుంది. గదిలో ఒక్కతే తలుపు వేసుకుంది. సిరిసిల్లలో ఉన్న కూతురు ఫోనులో బతిమాలితేనే ఆమెకు ముద్ద దిగేది. అంతలో తుఫాను గాలికి కరెంటు పోయింది. ఆమె ఫోను బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయింది, ఛార్జరు తీస్తే ఆరిపోయేది. దుకాణాలన్నీ బంద్. అమ్మ పలకడం లేదని కూతురు నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

సంగతి చెప్పగానే రాజనర్సు కదిలాడు. ఐలమ్మ ఫోను కిటికీలోంచి అందుకుని, ఉబ్బిన బ్యాటరీ తీసేసి, ఎక్కడినుంచో ఇటుకంత బ్యాటరీ ఒకటి తెచ్చి, మధ్యలో చిప్పు కలిపాడు. మీటరు నాలుగు ఓల్టులు చూపించేదాకా చిప్పు మీది చిన్న స్క్రూను తిప్పుతూ కూర్చున్నాడు. ఈ పెద్దది ఎక్కడిదని ఆమె అడిగితే, ఇంట్లో ఊరికే పడున్నదన్నాడు. ఐలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూతురితో మాట్లాడింది. లోపలినుంచి ఆమె నవ్వు వినిపించాకే మేం అక్కణ్ణించి లేచాం.

ఐలమ్మ కోలుకుంది. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె పాత ఫోనుకు సరిపోయే బ్యాటరీ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు, ఆ ఇటుకంత బ్యాటరీతోనే నడిపించుకునేది. అప్పటినుంచే రాజనర్సు స్కూటరును కిక్కు కొట్టి లేపి, "పీం... పీం..." అని నోటితో హారన్ కొడుతూ పనికి పోయేవాడు. పిచ్చి ముదిరిందని సందంతా నవ్వుకుంది. ఒకరోజు పానా కోసం నేను ఆ స్కూటరు సీటు ఎత్తాను. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఐలమ్మక్కకు చెప్పకు," అన్నాడు మెల్లగా. "తెలిస్తే గిప్పుడే తెచ్చిస్తది. బిడ్డతోని మాట్లాడుకోనీ."

నేను చెప్పలేదు. మర్నాడు ఆయన నోటి హారనుతో వెళ్తుంటే ఐలమ్మ కిటికీలోంచి చూసి, ఫోనులో కూతురితో అంటోంది:

"ఈసారి వచ్చేటప్పుడు రాజనర్సుకు ఒక హారను తీస్కరా బిడ్డా. పాపం, నోరు నొస్తున్నట్టుంది."