మురుకుల డబ్బా ఇల్లు చేరిన ఆదివారం

పులికాట్ సరస్సు అంచున ఐస్‌క్రీం డబ్బా ఎంతకాలం బతుకుతుందని ఎవరైనా అడిగితే నా దగ్గర నికరమైన జవాబుంది. ఒక్క ఎండాకాలం కూడా బతకదు. ఎండకు పెళుసెక్కి, ఉప్పుగాలికి మూత వంకర తిరిగి, మొదటి వానకే కడుపులో ఉన్నదంతా గంజి చేసి పెడుతుంది. ఈ జ్ఞానం కోసం నేనేమీ తపస్సు చేయలేదు. అక్క పక్కింట్లో ఉంటే చాలు, ఇలాంటివి వాటంతట అవే వస్తాయి.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. సూళ్లూరుపేటలో కళ్ళద్దాల షాపులో పని. వారమంతా జనానికి చూపు సరిచేసి, ఆదివారం నాడు ఎవరికీ కనపడని చోట డబ్బాలు దాచడం ఆమె సరదా. దానికి జియోక్యాచింగ్ అని పేరు. ఒక డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటును నెట్‌లో ఉన్న మ్యాపులో చుక్కగా పెడతారు. ఊరూ పేరూ తెలియని వాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బాలోంచి ఒక బొమ్మో కీచైనో తీసుకుని, బదులుగా తమది ఒకటి పెట్టి, మళ్ళీ అక్కడే దాచి వెళ్ళిపోతారు. ఇదంతా విని మా అమ్మ ఒకటే అడిగింది: "దొరికినాక మళ్ళీ అక్కడే పెట్టేదానికి వెతికేది ఎందుకురా?" ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

మా వైపు ఆ మ్యాపులో ఉన్నది ఒకే ఒక్క చుక్క. అక్కది. ఐస్‌క్రీం డబ్బా తెరిచిన మొదటి అతిథి "గంజి దొరికింది, ధన్యవాదాలు" అని రాసి పోయాడు. మ్యాపు చూసుకునే వాళ్ళు అక్కకు మర్యాదగా ఒక కబురు పంపారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే చుక్క తీసేస్తాం అని. అక్క ఆ పూట అన్నం తినలేదు. రెండు దోసెలు తిన్నది.

అప్పటి నుంచి మా మేడ మీద డబ్బాల పరీక్షలు మొదలయ్యాయి. లోపల టిష్యూ కాగితం పెట్టి, మూత బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి, పైన ఇటుక పెట్టడం. కాగితం పొడిగా బయటికొస్తే పాసు.

"ఊరగాయ జాడీ పెడదామక్కా," అన్నాను. "ఆవకాయకి ఏడాది గ్యారంటీ ఇచ్చింది, నీ కాగితానికి ఇవ్వదా?"

"కింద పడితే పగిలిపోదంట్రా?"

"అయితే పైపు. ప్లంబరు దగ్గర ముక్క తెచ్చి రెండు పక్కలా మూతలు అతికిద్దాం."

అక్క నన్ను జాలిగా చూసింది. "సరస్సు అవతల రాకెట్లు ఎగరేస్తా ఉంటే, ఇవతల పొదలో మూతలు బిగించిన పైపు దాస్తావా? అప్పుడు జనం డబ్బా కోసం రారు, బాంబనుకుని పోలీసులు మన కోసం వస్తారు."

తర్వాత నేను తెచ్చింది రొయ్యల గుంటల్లో వాడే మందు డబ్బా. తెల్లది, మందంగా ఉంటుంది, మరమూత, మూతలో రబ్బరు రింగు. శుభ్రంగా కడిగి తొట్టిలో వేస్తే మునగనే లేదు. ఇటుకనే పక్కకు నెట్టింది. కానీ దాని ఒంటి మీద ఎర్ర అక్షరాలతో జబ్బుల పేర్లూ, నీరసంగా ఉన్న రొయ్య బొమ్మా ఉన్నాయి.

"ఎక్కడెక్కడి నుంచో వస్తారురా జనం," అన్నది అక్క. "వాళ్ళకి రొయ్యల జ్వరం మందు డబ్బా చూపించాల్నా? ఊరి పరువు ఉండాది గదా."

పరువు గెలిచింది. మా దృష్టి అమ్మ మురుకుల డబ్బా మీద పడింది. స్టీలుది, పక్కన క్లిప్పులు, మూతలో రింగు. మా ఊరి గాలికి బిస్కెట్టు సాయంత్రానికి చపాతీ అవుతుంది. ఆ డబ్బాలో మురుకులు మాత్రం వానాకాలంలో కూడా పళ్ళకు ఎదురు తిరుగుతాయి. ఇంతకన్నా ఏ పరీక్ష కావాలి? అమ్మ ఊళ్ళో లేని పూట దాన్ని ఎత్తుకొచ్చి, పైనంతా ఆకుపచ్చ రంగు పూశాం. అడుగున పూయలేదు. అడుగు నేలకే ఉంటుంది కదా, ఎవరు చూస్తారని. దొరవారిసత్రం దాటి సరస్సు వైపు పోయే దారిలో, సరుగుడు తోటలో, ఒక తాటి మొద్దు తొర్రలో దాచాం. కొత్త డబ్బా ఫొటో చూసి మ్యాపు వాళ్ళు మెచ్చుకున్నారు. వానలు వచ్చాయి, పోయాయి. కాగితం పొడిగా ఉంది. ఇంట్లో అమ్మ డబ్బా ఏదిరా అని అడిగినప్పుడల్లా నేను చాలా అమాయకంగా వంటింటి పై అరలు వెతికాను. అదీ ఒక రకం జియోక్యాచింగే.

కొంగలు దిగే కాలం రాగానే చెన్నై నుంచి ఒక జంట కబురు పెట్టారు. ఆదివారం వస్తున్నాం, మీ డబ్బా చూస్తాం అని. అక్క శనివారం నుంచే గాల్లో నడుస్తోంది.

ఆదివారం పొద్దున మా గేటు ముందు కారు ఆగింది. ముందు సీట్లోంచి దిగింది మాకు చేపలు తెచ్చే ఆమె. వెనక సీట్లో ఆమె గంప. ఆ వెనకే దిగారు, చేతుల్లో ఫోన్లతో, ఊపిరి బిగబట్టుకుని, చెన్నై జంట. చేపలామె రెండు చేతుల్లో, సీమంతానికి తెచ్చిన సారెలాగా, ఆకుపచ్చ డబ్బా.

"అమ్మా, నీ డబ్బా యాడ పారేసుకున్నావు?" అని గట్టిగా పిలిచింది. "నిన్న పుల్లలకి పోతే మొద్దులో ఉన్నింది. అడుగున నీ పేరు కొట్టి ఉంటే చూసి తెచ్చినా."

నేనూ అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గిన్నె కొన్న రోజునే షాపులో గర్రుమని పేరు కొట్టించుకోవడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పెళ్ళిళ్ళకు పోయిన గిన్నెలన్నీ ఆ పేరు పట్టుకునే ఇల్లు చేరతాయి. ఎండా వానా ఉప్పూ అన్నీ ఆలోచించిన మేం, దాన్ని ఒక్కటే మరిచిపోయాం.

"వీళ్ళెవురు?" అన్నది అమ్మ.

"ఇందాక వస్తా ఉంటే తోటలో పొదలు దేవులాడతా ఉండారు పాపం. ఏం పోయిందంటే ఫోన్లో ఈ డబ్బానే చూపించినారు. అది వాళ్ళింటికే పోతా ఉండాది, రండి అని పిలుచుకొచ్చినా."

అమ్మ డబ్బా తీసుకుని మూత తెరిచింది. లోపల మిలమిలమంటూ పచ్చి రొయ్యలు.

"ఖాళీ గిన్నె తిరిగి ఇస్తారా ఎవురన్నా?" అన్నది చేపలామె, మేం అడక్కముందే. మా పుస్తకం, కీచైన్లు కొంగున మూటగట్టి భద్రంగా తెచ్చింది. ఒక వస్తువు తీస్తే ఇంకొకటి పెట్టాలన్న నియమం మా ఆటలో అంత నిష్ఠగా పాటించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ మాత్రం రొయ్యల్ని చూడట్లేదు. "నా డబ్బాకి పచ్చ రంగు ఎవురేసినారు?"

అక్క చెన్నై జంట వైపు తిరిగింది. "సార్, ఫిర్యాదు రాస్తారా?"

ఆయన భార్యను చూశాడు. ఆమె పుస్తకం వాసన చూసి, మొహం చిట్లించి, అయినా సంతకం పెట్టింది. తర్వాత పడీపడీ నవ్వింది. "ఇన్నాళ్ళు డబ్బా కోసం మేము పోయినాము అండి. డబ్బా మా కోసం వచ్చింది ఇదే ఫస్టు!" అన్నది తన తమిళపు తెలుగులో. "కానీ సాయంత్రం లోపల అక్కడ ఒకటి పెట్టేయండి. లేకపోతే రేపు వచ్చేవాళ్ళు రాస్తారు."

మధ్యాహ్నం రొయ్యల ఇగురు తింటూ, చేపలామెతో సహా అందరం కొత్త డబ్బా గురించి ఆలోచించాం. మా ఇంట్లో పేరు లేని గిన్నె లేదు. పెదనాన్న ఇంట్లో గరిటెలకు కూడా పేర్లున్నాయి. చివరికి అక్క తలొంచుకుని, తనే మేడ ఎక్కి, రొయ్యల జ్వరం డబ్బా తెచ్చింది. పరువు మాట ఎవరూ ఎత్తలేదు. దాన్ని చూసి చేపలామె, "అబ్బే, దీన్ని ఎవురు ఎత్తుకుపోతారమ్మా!" అన్నది. అక్క జీవితంలో అంత గొప్ప ప్రశంస విని ఉండదు.

పుస్తకం సర్ది, మూత బిగించి, బయల్దేరబోతూ చూస్తే డబ్బా లేదు. వంటింట్లో అమ్మ దాన్ని బోర్లించి, మార్కర్ పెన్నుతో అడుగున ఏదో రాస్తోంది.

"పిన్నీ!" అని అక్క కేక.

"ఏందే? పేరు లేకుండా బయటికి ఎట్లా పంపిచ్చేది?"

పెన్ను లాక్కునేలోపల రెండు అక్షరాలు పడ్డాయి. ఎంత రుద్దినా పోలేదు. డబ్బా ఇప్పుడు ఆ తాటి మొద్దులోనే ఉంది, మ్యాపులో చుక్క చల్లగా ఉంది. రెండక్షరాలతో ఏ డబ్బా ఇల్లు చేరదని అక్క ధీమా. నాకంత ధీమా లేదు. ఆదివారం గేటు చప్పుడైతే నేను ముందు చేపలామె చేతుల వైపే చూస్తాను.