ఉప్పు మడికి నేను కొట్టిన గండి

వానలు మొదలవగానే రాయపూర్ శివారు బీర్‌గావ్ బజారులో ఎండుచేపల గోనెలు చెమ్మగిల్లి ఒక వాసన వేస్తాయి. మొన్న డ్యూటీ దిగి వస్తూ ఆ వాసనకు బండి ఆపాను. "లే జావో భయ్యా, సముందర్ కా మాల్ హై," అన్నాడు అమ్మేవాడు, సముద్రపు సరుకు పట్టుకెళ్ళమని. కొనలేదు. ఆ చేపల పొట్టల్లో కరుడుకట్టిన కల్లుప్పు చూస్తే నాకు నోరూరదు, సిగ్గేస్తుంది.

నాన్నకు ఉర్లాలో ఇనుప కమ్మీలు తీసే మిల్లులో పని దొరికి మేం రాయపూర్ వచ్చేసినా, నా వేసవి సెలవులన్నీ శ్రీకాకుళం తీరంలో పెదనాన్న ఇంట్లోనే గడిచాయి. రైలు దిగి బస్సులో తూర్పుకు పోతుంటే నేల రంగు మారుతూ ఉండేది: ముందు కోతలైన వరి మళ్ళు, తర్వాత గింజలు కాల్చే పొగకు కళ్ళు మండే జీడితోటల ఎర్రనేల, సరుగుడు తోపుల ఇసుక, అదీ దాటితే ఉప్పుటేరు, దాని ఒడ్డున గడ్డిపోచ మొలవని చవిటినేల, పర్ర, పర్ర మీద అద్దాలు పరిచినట్టు ఉప్పు మడులు, ఆ అవతల సముద్రం. ఏ నేల మనుషులు ఆ నేల పనే చేసేవారు గాని ఒకరు లేనిదే ఇంకొకరికి గడిచేది కాదు. పెదనాన్న ఉప్పు రేవులో చేపలు ఎండబెట్టడానికి పోయేది, ఆ చేపలు ఆడవాళ్ళ గంపల్లో సంతకెళ్ళి ధాన్యమై తిరిగొచ్చేవి, సరుగుడు కర్ర లారీలెక్కగా మిగిలిన చితుకులు మా పొయ్యిలోకొచ్చేవి. పొద్దున్నే గంజన్నంలోకి కాల్చిన ఎండుచేప, మధ్యాహ్నం తాటిముంజెలు, గొంతు పట్టేసే జీడిపండ్లు.

పెదనాన్న నిప్పు నోటిలోపలికి పెట్టుకుని చుట్ట కాల్చేవాడు, అందుకే మాట తక్కువ. ఆయన కొడుకు సింహాచలం నాకన్నా రెండేళ్ళు పెద్ద. మడి నీళ్ళలో వేలు ముంచి నాకి, "ఇంకా రెండెండలు కావాల," అనేవాడు. ఆ మాట మీదే పెదనాన్న ఉప్పు లాగేవాడు. నేను ఐదో తరగతి పాసైన ఏడు, వాడి చేతికే ఒక మడి ఒప్పజెప్పాడు. నేనూ వేలు నాకి చూశాను. "రాయపూర్ బావూ, నీకేటి తెలస్తాది రుసి!" అని నవ్వాడు సింహాచలం. నాకు కడుపు మండింది.

మర్నాడు వాడు అన్నానికెళ్ళినప్పుడు మడి పక్క కాలవలో చిన్న చేపలు కనబడ్డాయి. వాటిని మడిలోకి మళ్ళించి పట్టుకుందామని గట్టుకు చేత్తో గండి కొట్టాను. మండిన కడుపు కూడా చెయ్యి వేసిందేమో, ఇప్పుడు చెప్పలేను. నీళ్ళ ఉరవడికి ఆ గండి పూడ్చడం నా వల్ల కాలేదు. భయమేసి ఇంటికి పరిగెత్తాను. సాయంత్రానికి మీగడలా కట్టిన ఉప్పంతా కరిగి బురదైంది, పక్కవాళ్ళ రెండు మడులు కూడా. వాళ్ళు కేకలేస్తూ వచ్చారు.

"ఎవుల్రా?" అన్నాడు పెదనాన్న.

సింహాచలం నాకేసి ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. అందరి ముందూ పెదనాన్న వాడి చేతిలోంచి ఉప్పు లాగే పలక లాక్కున్నాడు. "మడి కాయలేనోడివి, నీకెందుకురా ఇది!" ఆ నెలలోనే వాణ్ణి చెన్నైలో హోటల్ పనికి పంపేశారు. మడి పోయిన రాత్రి నేను అన్నం మారు అడిగి తిన్నాను.

మొన్న బజారు నుంచి ఇంటికొచ్చి ఇన్నేళ్ళకు వాడికి ఫోన్ చేశాను. "అన్నా, ఆ గండి కొట్టింది నేనే."

"అదేదో కొత్త కబురులా సెప్తన్నావేట్రా! గట్టు మీద సెప్పుల అచ్చు పడ్నేదా? మడికాడికి సెప్పులేసుకొని ఎవులెల్తారు మనూర్ల?"

"పెదనాన్నకు...?"

"మా అయ్యే ఆ అచ్చు నాకు సూపించి, కాలితో సెరిపేసినాడు. సెలవలకొచ్చిన తమ్ముడి కొడుకుని ఏటంతాడు? పక్క మడోళ్ళకి ఎవుణ్ణో ఒకణ్ణి సూపించాల గదా. సర్లే, సాంబారు మాడిపోతంది, ఉంతాను."

క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. ఇన్నేళ్ళు నేను మోశాననుకున్న రహస్యం నాకొక్కడికే రహస్యం. ఇప్పుడా పర్ర మీద రొయ్యల చెరువులు, చుట్టూ ఇనుప కంచె. మడులు లేవు, పెదనాన్నా లేడు. అచ్చు చెరపకుండా ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే సింహాచలం ఆ ఊళ్ళోనే ఉండేవాడు కదా అని ఆయన మీద కోపం తెచ్చుకోబోయాను. అదీ తప్పించుకోవడమే. ఆయన అడిగాడు. చెప్పాల్సినవాణ్ణి నేను.