మాస్టారు ఊపిరి తీసుకున్న చోట

రెండేళ్ళ కిందట కొచ్చిలో యూదుల పాత ప్రార్థనా మందిరం చూశాను. అందరి తరఫునా ప్రార్థన పాడే ‘కాంటర్’ గురించి గైడు చెప్పాడు. ఏ పండక్కి ఏ వరసో గురువు నోటి నుంచి విని ఏళ్ళ తరబడి నేర్చుకుంటాడట. చదువు రానివాళ్ళు అతని వెంట ‘ఆమేన్’ అంటే చాలు, వాళ్ళ ప్రార్థనా చేరినట్టే. నాకు వెంటనే కువైట్‌లో, రిగ్గై పేటలో మా పై అంతస్తులో ఉండే సత్యానందం మాస్టారు గుర్తొచ్చారు. కువైట్ సిటీ చర్చిలో తెలుగు ఆరాధనకు పాట అందించేది ఆయనే. ఒక్కో చరణం ఆయన ముందు పాడితే జనం అందుకుంటారు. ఆ పాట వినడానికి వెళ్దాం వెళ్దామంటూనే గడిపేశాను. అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఆయన ఇఖామా ముగిసి, శనివారం ఊరికి వెళ్ళిపోతున్నారని తెలిశాక గానీ నాకు బుద్ధి రాలేదు.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఇద్దరం బయల్దేరాం. బస్సయితే మూడు వందల ఫిల్స్‌తో పోయేది. మాస్టారి ఆయాసం చూసి రెండు దినార్లకు ట్యాక్సీ మాట్లాడాను. డ్రైవరుది రాయచోటి, మాస్టారిని ఎరిగినవాడే.

"సారు ఊరికి పోతాండారా? మళ్ళ పాట ఎవురు చెప్తారు?" అన్నాడు.

"రూతమ్మని, ఒక ఇంట్లో వంట చేస్తదండి. చదవడం రాదు. ఆర్నెల్లుగా ఫోన్లో పాడి పంపుతున్నాను. ఇయ్యాలే మొదటిసారి. నిలబడుద్దో లేదో" అన్నారు మాస్టారు.

చర్చిలో ఆయన నన్ను వెనక బెంచీకి లాక్కెళ్ళారు. ముందుంటే రూతమ్మ తన వైపే చూస్తుందట. రూతమ్మ ముందు నిలబడి పాట ఎత్తుకుంది. రెండు చరణాలు గడిచాయి. మూడో చరణం మధ్యలో ఠక్కున ఆగింది. మరిచిపోయిందనుకున్నాను. అంతలోనే అందుకుంది. జనం కూడా సరిగ్గా అక్కడే ఆగి, అందుకున్నారు.

మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "ఊపిరందక నేనాగిన చోటండి అది. దాన్నీ నేర్చేసుకుంది!"

బయట టీ తాగుతూ ఆమెకూ అదే చెప్పారు. "ఆ ఆగడం పాటలో లేదమ్మా. తీసెయ్."

"మా యజమానురాలు మామా నిద్ర లేవకముందే గిన్నెలు తోముకుంటా నేర్చుకున్నానండి. తీయనండి" అంది రూతమ్మ. "మీరెల్లిపోయాక మాకు మీరుండేది అక్కడేగదండీ."

గురువు నోటి నుంచి నేర్చుకోవడమంటే ఏమిటో కొచ్చిలో విన్నాను గానీ, నాకు అర్థమైంది ఆ టీ దగ్గరే. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి ఆయన పాట వినలేదన్న బాధ మాత్రం పోలేదు.

మీరూ ఆ ఆరాధనకు వెళ్ళాలనుకుంటే శుక్రవారం ఉదయం ఎనిమిదిలోపు చేరుకోండి, జుమా నమాజు వేళకి రోడ్లు నిండిపోతాయి. పాట రాకపోయినా ఫర్వాలేదు, రూతమ్మ అందిస్తుంది. మూడో చరణంలో ఆమె ఆగినచోట మీరూ ఆగండి.