నా మెస్సులో నేను తినని సంగటి

సంగటి మాడుతోందని ఆ రోజు మా ఆయన మీద కేకలేశాను. పుంగనూరు బస్టాండుకు దగ్గర్లో మాదొక చిన్న మెస్సు. కట్టెల పొయ్యి మీద రాగి సంగటి కెలికేది నేను, మంట చూసుకునేది ఆయన. "వాసనొస్తాండాది, కట్టెలు వెనక్కి లాగయ్యా" అన్నాను. ఆయన వంగి చూసి, "సంగటి కాదు మే, నీ కాలు!" అని అరిచాడు. పొయ్యిలోంచి జారిన నిప్పు మీద మడమ ఆనించి నిలబడి ఉన్నాను. కాలుతున్నది నా చర్మమే. ముక్కుకు తెలిసింది గానీ కాలికి తెలియలేదు.

నాకు షుగరు వచ్చి పదకొండేళ్లయింది. మాత్రలు మింగుతున్నాను కదా, ఇంకేం కావాలి అని ధీమాగా ఉండేదాన్ని. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కట్టు విప్పిన రోజు మదనపల్లె డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "ఈసారికి కాలు దక్కిందమ్మా. బరువూ షుగరూ ఇట్లాగే ఉంటే ఇంకో పుండు పడుతుంది. అప్పుడు వేళ్లతో మొదలుపెట్టి కోసుకుంటూ పోవాల్సొస్తుంది." అప్పుడు నా బరువు తొంభై రెండు కిలోలు.

తెల్లవారి అయిదు నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా నిలబడి చేసే పని నాది. కాలు లేని నన్ను నేను ఊహించుకోలేకపోయాను. ఏం చేయమంటే అది చేస్తానన్నాను. డాక్టరు ఒక పొడి డబ్బా రాసిచ్చాడు. పొద్దున టిఫిను బదులు ఒకసారి, మధ్యాహ్నం భోజనం బదులు ఒకసారి నీళ్లలో కలుపుకుని తాగాలి. రాత్రికి కూరగాయలు, పప్పు, నిమ్మకాయంత సంగటి. మాత్రలు కూడా ఆయనే తగ్గించాడు. తిండి తగ్గించి మాత్రలు పాత లెక్కనే మింగితే షుగరు పడిపోయి కళ్లు తిరిగి పడతానట. "సొంత వైద్యం చేయొద్దు, ప్రతి పదిహేను రోజులకూ వచ్చి కనపడాలి" అని వేలు చూపించి మరీ చెప్పాడు.

డబ్బా మీద వెనిలా అని రాసి ఉంది. నాకైతే సుద్దముక్క నానబెట్టిన నీళ్లలా అనిపించింది. తిట్టుకుంటూనే తాగాను.

కుప్పంలో ఉండే మా అక్కకు ఫోనులో చెబితే పకపకా నవ్వింది. "నాకూ షుగరుండాది. నేనేమన్నా పసిబిడ్డ మాదిరి పొడి కలుపుకోని తాగతాండానా? తిండి మానేసి బతికేది కూడా ఒక బతుకేనామ్మే?" అంది. అక్క మాత్రలు వేసుకునేది గుర్తొచ్చినప్పుడే.

నవ్వితే నవ్విందిలే అనుకున్నాను. అసలు తంటా మెస్సులో వచ్చింది. సదుం నుంచి వచ్చి పుంగనూరులో స్థిరపడిన రిటైర్డు మాస్టారు ఒకాయన రోజూ మా దగ్గరే తింటాడు. నేను పొడి కలిపిన షేకరు సీసా ఊపుకుంటూ లోపలికి పోవడం రెండు రోజులు గమనించి, మూడో రోజు పక్కాయనతో నాకు వినపడేటట్టే అన్నాడు: "ఆయమ్మ వండింది ఆయమ్మే తినల్యా. ఏం కలపతాందో ఏమో!" ఆ మాట బస్టాండంతా తిరిగి వచ్చింది. వారం తిరక్కముందే మధ్యాహ్నం పూట బెంచీలు ఖాళీగా కనిపించాయి. "లోపల తలుపేసుకోని తాగు మే, ఎవురికీ కనపడదు" అన్నాడు మా ఆయన.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. దొంగతనం చేశానా, దాక్కోడానికి? మరుసటి రోజు సరిగ్గా ఒంటిగంటకు, జనం తింటుండగా, షేకరు తెచ్చి మాస్టారి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. చెప్పు తీసి మడమ మీది మచ్చ చూపించాను. "సార్, ఇరవై ఏండ్లు నేను వండింది నేనే తిన్నా. తినీ తినీ ఈడికొచ్చినా. మీ సంగటి మీరు తినండి, నా డబ్బా నన్ను తాగనీండి. వంటలో ఏం కలపతాండానో కావాలంటే రేపు పొయ్యికాడికొచ్చి సూడండి" అన్నాను. అందరూ చేతులు ఆపి నన్నే చూశారు. నేను చివరి చుక్కదాకా తాగి లేచాను.

ఇంత చేసీ నెల రోజులకు తగ్గింది అర కిలో. డాక్టరు బరువు రాసిన కాగితం చూసి, "ఇంకేం తింటున్నావమ్మా?" అని అడిగాడు. నిజాయితీగా ఉన్న మనిషిని పట్టుకుని అనుమానిస్తే ఎవరికి మాత్రం కోపం రాదు? "ఒక్క మెతుకు ముట్టల్యా సార్" అని గట్టిగానే అన్నాను. తిరుగు బస్సులో కూడా ఆ మంట చల్లారలేదు. ఇంటికొచ్చాక, ఆయనకు రుజువు చేసి తీరాలని ఒక పని పెట్టుకున్నాను. వంట చేసేటప్పుడు ఉప్పూ కారం సరిపోయాయా అని నోట్లో వేసుకునేది మామూలే కదా. అది తిండి కాదని నా నమ్మకం. ఒక్క రోజు, నోట్లో వేసుకునేదంతా వేసుకోకుండా ఒక గిన్నెలో వేశాను. చట్నీ, సాంబారు, పప్పు, పులుసు, కూర, సంగటి ఉడికిందా అని చూసే ముద్ద, వేగిందా అని చూసే వడ ముక్క. మళ్లీ ఉప్పు వేశాక మళ్లీ ఒకసారి.

రెండింటికి చూస్తే ఆ గిన్నె నిండిపోయింది. దాన్ని పళ్లెంలోకి ఒంపాను. మెస్సులో ఒక మనిషికి పెట్టే భోజనం కంటే ఎక్కువే ఉంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. డాక్టరు మీద ఎగిరిన మాటలన్నీ గుర్తొచ్చాయి. షేకు తాగుతూ నెలంతా రెండో పక్క నుంచి పూర్తి భోజనం లాగించానన్నమాట, అదీ ఒక్క మెతుకు ముట్టలేదని ఒట్టేసేంత నమ్మకంగా.

వంట మానేయమని మా ఆయన అన్నాడు. మానను, రుచి చూడడం మానతాను అన్నాను. మరి చూసేదెవరు? మా ఆయన్ని అడిగి లాభం లేదు, పెళ్లయినప్పటి నుంచి ఏది పెట్టినా "బాగుండాది" తప్ప ఇంకో మాట అనలేదు. వంకలు పెట్టే నాలుకే కావాలి. అందుకే మాస్టారికి కబురు పెట్టాను. "ఏం కలపతాండానో అని అనుమానపడితిరే, రోజూ పదకొండింటికొచ్చి ఉప్పు సూసిపోండి" అన్నాను. వచ్చాడు. మొదటి రోజే పులుసులో చింతపండు తక్కువైందన్నాడు. నిజంగానే తక్కువైంది. నాకు కచ్చగానే ఉంది గానీ వేశాను. ఇప్పుడాయన వచ్చేపోయేవాళ్లకు "ఈడ ఉప్పు నాది" అని చెప్పుకుంటున్నాడు. బెంచీలు నిండుతున్నాయి.

ఆ తర్వాత బరువు నిజంగా దిగింది. కుప్పంలో అక్కావాళ్ల గృహప్రవేశం నాటికి తొమ్మిది కిలోలు పోయాయి, షుగరూ దిగింది. షుగరు తినేసిన కాలి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. అది వస్తుందని డాక్టరు కూడా నాకు మాటివ్వలేదు. అందుకే పొయ్యి దగ్గర కూడా చెప్పులతోనే నిలబడతాను, ఎవరేమనుకున్నా సరే.

వచ్చినవాళ్లందరికీ వడ్డించాక చివరి బంతిలో అక్కా నేనూ పక్కపక్కన కింద కూర్చున్నాం. అక్క అడగకుండానే నా ఆకు నింపించింది, పక్కన పాయసం గిన్నె పెట్టించింది. నేను సంచిలోంచి షేకరు తీశాను. అక్క మొహం మాడిపోయింది.

"నా ఇంట్లో నిండాకు ముందర కూసోని డబ్బా తాగతావా? జనం ఏమనుకుంటారు? కొత్తింట్లో ఇదేం అపశకునం?" అని మొదలుపెట్టింది. ఇక ఆపలేదు. తనూ షుగరు మనిషేననీ, అన్నీ తింటోందనీ, తనకేం కాలేదనీ, నాదంతా పట్నం పోకడనీ అంటూనే తన పాయసం గిన్నె దగ్గరికి లాక్కుంది.

చిన్నప్పుడు సోమల దగ్గర మా ఊళ్లో ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. అక్క నోరు మూయించడానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. కాలి చిటికెనవేలు గిల్లేదాన్ని. కెవ్వుమని ఎగిరిపడేది. ఇప్పుడు కూడా బాసింపట్టు వేసుకున్న అక్క కాలు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కోపం కొద్దీ గిల్లాను.

అక్క తిడుతూనే ఉంది.

సరిగ్గా దొరకలేదేమో అనుకుని ఈసారి గోరు దిగేట్టు గిల్లాను. "నీకొక్కదానికే వచ్చిందా లోకంలో షుగరు?" అంటోంది అక్క, చెంచాతో పాయసం కలుపుతూ. కిందికి చూశాను. నా గోరు దిగినచోట వేలు ఎర్రగా కమిలి ఉంది.

నా ముక్కుకు మళ్లీ ఆనాటి మాడువాసన తగిలింది. ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ఎక్కువ కోపమొచ్చింది. రెండో చేత్తో అక్క దగ్గర్నుంచి పాయసం గిన్నె లాక్కుని నా వెనక పెట్టాను. బంతిలో ఉన్నవాళ్లంతా మావైపే తిరిగారు.

"రేపు నాతో మదనపల్లెకొస్తాండావు" అన్నాను.

"నేనా? నాకేమైందని? యాల?" అంది అక్క.

నా గోరు ఇంకా ఆమె వేలి మీదే ఉంది.