పెళ్లి ఫొటోలకు మూఢం ఎలా వచ్చిందంటే

రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేని ఆ కాలంలో, దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేసిన ప్రతివాడూ కంప్యూటర్‌ను తానే కనిపెట్టినట్టు నడిచేవాడు. నేను ఇంకాస్త ఎక్కువగా నడిచేవాణ్ణి. చైతన్యపురిలో ఓ ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. అందరికీ ఆయన 'స్టూడియో అన్న'. పెళ్లి ఫొటోలన్నీ ఒక చిన్న నల్ల పెట్టెలో దాచేవాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. లోపల ఒక హార్డ్ డిస్క్, వెనక నెట్‌వర్క్ తీగ. స్టూడియోలో ఏ కంప్యూటర్ నుంచైనా అందులోని ఫొటోలు తెరవచ్చు. (తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.)

ఆ నిదానమే నా కొంప ముంచింది. కంపెనీ పెట్టిన బూట్‌లోడర్ తీసేసి వేరేది ఎక్కిస్తే, దానిమీద లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌ను మనకు నచ్చినట్టు నడుపుకోవచ్చనీ, పెట్టె పరుగెడుతుందనీ ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు. బూట్‌లోడర్ అంటే కరెంటు రాగానే ముందుగా లేచి మిగతావాటిని లేపే చిన్న ప్రోగ్రాం. అది లేవకపోతే పెట్టె మొత్తం నిద్రే. 'ముందు మీ మోడల్ సరిచూసుకోండి' అని కూడా ఎర్రక్షరాల్లో ఉంది. అది కొత్తవాళ్ల కోసమని దాటేశాను. అన్న బ్యాంకుకు వెళ్లినప్పుడు చూసి, పేజీలో ఉన్న కమాండ్లన్నీ కొట్టి, పెట్టెను ఆపి మళ్లీ వేశాను. నారింజ రంగు లైటు వెలిగింది. ఎంతసేపటికీ ఆకుపచ్చ కాలేదు. నేను ఎక్కించింది అలాగే కనిపించే ఇంకో మోడల్ బూట్‌లోడర్. డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కు తగిలిస్తే, 'ఫార్మాట్ చేయమంటారా?' అని అది మర్యాదగా అడిగింది. (అలాంటి పెట్టెల్లో ఉండే లినక్స్ డిస్క్‌ను విండోస్ కంప్యూటర్ చదవలేదని కోర్సులో చెప్పారట. ఆ రోజు నేను సినిమాలో ఉన్నాను.) ఫొటోలన్నీ పోయాయనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఎల్‌బీ నగర్ నుంచి ఒక కుటుంబం ఆల్బమ్ సెలక్షన్‌కు దిగింది: పెళ్లికూతురు, తండ్రి, మేనత్త, ఇంకా చుట్టాలు. పెళ్లికూతురు కూర్చోకముందే అంది: "అన్నా, మా నానమ్మ మంచంల ఉన్నది. పెండ్లికి రాలేకపోయింది. ఆల్బం జర జల్ది చెయ్యాలె."

నిజం చెబుదామనే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"మూఢాలు నడుస్తున్నయ్ గదమ్మా, గిప్పుడు సెలక్షన్ చేస్తరా?"

తండ్రి నవ్వాడు. "ఫొటోలకు మూఢం ఏంది పిలగా?"

"నువ్వు జర ఊకో అన్నా," అంది మేనత్త. "మూఢంల పెండ్లి చెయ్యం, ఇల్లు గట్టం. పెండ్లి ఫొటోలు ఎట్ల ముడతం? చిన్నోడైనా పిలగానికి ఎంత పద్ధతి ఎర్కనో సూడు!"

తెప్పించిన టీ కూడా తాగకుండా లేచారు. గుమ్మంలో స్టూడియో అన్న ఎదురయ్యాడు. వాళ్లు వెళ్లాక నన్ను పట్టుకున్నాడు. "ఏరా, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారేంటి?"

"మూఢం అన్నా. మూఢంల ఆల్బం చూడరు."

"మా గుంటూరులో ఇలాంటిది ఎప్పుడూ వినలేదే!"

"మా దిక్కు ఉంటది."

ఊరి ఆచారాల మీద అన్నకు చాలా గౌరవం. (వ్యాపారం ఇక్కడే కదా.) సాయంత్రానికల్లా తలుపు మీద కాగితం అంటించాడు: 'మూఢంలో ఆల్బమ్ సెలక్షన్ లేదు.'

ఇంటర్నెట్‌లో ఆ పేజీవాళ్లనే అడిగితే, ముందు తిట్టి, తర్వాత దారి చెప్పారు. బూట్‌లోడర్ ఉండేది పెట్టె సొంత మెమరీలో, డిస్క్‌లో కాదు. ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. కోఠిలో పెట్టెతో నేరుగా మాట్లాడించే సీరియల్ కేబుల్ కొని, అన్న భోజనానికి వెళ్లినప్పుడల్లా పెట్టె విప్పి, లోపలి పిన్నులకు తగిలించి కుస్తీ పట్టాను. చివరికి పాత బూట్‌లోడర్ మళ్లీ ఎక్కింది. వెంటనే ఎల్‌బీ నగర్‌కు ఫోన్ చేశాను. మేనత్త ఎత్తింది.

"మూఢాలు ఎల్లనీ బిడ్డా. వద్దన్నోనివి నువ్వే, రమ్మనేటోనివీ నువ్వేనా?"

అవి వెళ్లడానికి వారాలు పట్టింది. అన్నాళ్లూ ఫొటోలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, నానమ్మ అక్కడ ఎదురుచూస్తూ ఉంది. ఆల్బమ్ తయారయ్యాక నేనే తీసుకెళ్లాను. ముసలమ్మ దిండుకు ఆనుకుని ఒక్కో పేజీ తడిమి చూసింది. "గిన్ని దినాలు ఎందుకు పట్టింది?" అని అడిగింది. "మూఢం గదనే అమ్మా" అంది మేనత్త. "అవ్ మరి" అని ఆమె తృప్తిగా తలూపింది. నిజం చెప్పడానికి అది మంచి సమయం. నేను మంచినీళ్లు అడిగాను.

అన్న అంటించిన కాగితం చూసి పక్క స్టూడియోవాళ్లూ అలాంటిదే అంటించారు. ఈ మధ్య మా అక్క కూతురి పెళ్లయింది. హయత్‌నగర్ నుంచి అక్క ఫోన్ చేసింది: "ఆల్బం సెలక్షన్ వచ్చే నెల్లరా. ఇప్పుడు మూఢాలు." అలాంటి ఆచారమే లేదనీ, అది నేను పుట్టించిందనీ బూట్‌లోడర్‌తో సహా మొత్తం చెప్పాను. ఓపిగ్గా వింది.

"నీకు పద్ధతులు ఎన్నడు తెల్సినయ్‌రా? పెద్దలు ఊకెనే పెట్టరు" అని ఫోన్ పెట్టేసింది.

ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. పాపం, ఆ పెద్దలకు అప్పటికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు.