చచ్చాక పెరిగిన ఏడు చెట్లు

ధవళేశ్వరం దాటుతుండగా మా బస్సు ముందుకు సరుగుడు లారీ ఒకటి వచ్చి చేరింది. పొద్దున కురిసిన వానకు దుంగలు తడిసి ఉన్నాయి. పచ్చి బెరడు వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, నేను వంగి నా కాళ్ల వైపు చూసుకుంటాను, చెప్పులున్నాయా లేవా అని. ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. అంటించినవారు రత్నమాణిక్యం గారు.

ఆవిడ రాజమహేంద్రవరంలో మా అటవీశాస్త్రం విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. నా పరిశోధనకు గైడు కూడా ఆవిడే. పొట్టి మనిషి, నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. ఎవరినీ నువ్వు అనేవారు కాదు. తిట్టినా అండీ అంటూనే తిట్టేవారు కాబట్టి తిరిగి ఏమీ అనడానికి వీలుండేది కాదు. మొదటి రోజు నా మార్కుల కాగితం చూసి, గదిలో అటెండరు, ఇద్దరు సీనియర్లు ఉండగానే, "స్టాటిస్టిక్స్‌లో నలభై మూడేంటండి? మిగతావి ఎవరికైనా ఇచ్చేశారా?" అన్నారు. అటెండరు నవ్వాడు. ఆ అటెండరు పేరు, ఆ రోజు ఆవిడ కట్టుకున్న చీర రంగు నాకు ఇప్పటికీ గుర్తే. నాకు జరిగిన అవమానాలను నేను పారేసుకోను.

మూడు నెలలు తిరక్కుండానే ఆవిడ మీద హెడ్డు గారికి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఎప్పుడు వెళ్లినా బయట కూర్చోబెడతారని, ఎంత బాగా రాసినా బాగుందని అనరని. హెడ్డు గారు అది చదివి ఆవిడ చేతికే ఇచ్చేశారు. ఆయన మీద నాకున్న కోపం వేరే సంగతి. మర్నాడు ఆవిడ నన్ను పిలిచి ఆ కాగితాలు తిరిగి ఇచ్చారు. "ఎప్పుడు వెళ్లినా" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత ఉంది.

"మొత్తం ఎన్నిసార్లు వచ్చారండి?"

"పదిసార్లు ఉంటుందండి."

"అందులో ఎన్నిసార్లు బయట కూర్చున్నారు?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఆరు తేలింది.

"అయితే పదిలో ఆరు అని రాయండి. ఎప్పుడూ అంటే ఎవరూ నమ్మరు. ఆరంటే నాకే తప్పనిపిస్తోంది."

ఆ తర్వాత నన్ను ఒక్కసారి కూడా బయట కూర్చోబెట్టలేదు. క్షమించమని మాత్రం అనలేదు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

నా పరిశోధన, కాలవ గట్టు కింద సత్తిబాబు గారనే రైతు సరుగుడు తోటలో. వానాకాలంలో చెట్లు ఎంత లావెక్కుతాయో తేల్చాలి. వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి ప్రతి చెట్టు చుట్టుకొలత తీశాను. కాండం కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది కాబట్టి టేపు ఎప్పుడూ నేల నుంచి ఒకే ఎత్తులో చుట్టాలి. చెట్టు చెట్టుకీ ఆ ఎత్తు కొలిచే ఓపిక లేక మొదటి రోజే ఒక గుర్తు పెట్టుకున్నాను. ఆ ఎత్తు సరిగ్గా నా చొక్కా రెండో గుండీ దగ్గరికి వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. లెక్కలు వేస్తే చెట్లు అద్భుతంగా పెరిగాయి. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇచ్చేస్తే ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు దాదాపు ఖాయం.

ఆవిడ పట్టికలు చూస్తూ ఒకచోట వేలు ఆపారు. "ఈ ఏడు చెట్లూ వేసవిలోనే చచ్చిపోయాయని మీరే రాశారు. చచ్చాక కూడా పెరిగాయేంటండి?"

"వానకి నాని ఉబ్బాయేమోనండి."

"అయ్యుండొచ్చు. శనివారం వెళ్లి చూద్దాం."

హాస్టల్లో నా గదిలో ఉండే రాజు, "ఒరేయ్, ఆ ఏడూ తీసి పారెయ్యి. చచ్చినవాటిని ఎవడడుగుతాడు?" అన్నాడు. నేను తీసేశాను. కొత్త పట్టిక కొట్టించి గురువారమే పట్టుకెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. "ఏడూ ఒకే అబద్ధం చెబుతున్నాయంటే, బతికున్నవి కూడా అదే చెబుతున్నాయండి. వీటిని తీసేస్తే అవి నిజమైపోతాయా?" అని కాగితం వెనక్కి తోశారు.

శనివారం బస్సులో వెళ్లాం. పక్క చేలో పెట్టిన నీళ్లు ఇటు ఊరడంతో తోటంతా బురదగా ఉంది. సత్తిబాబు గారు గట్టు మీద కూర్చుని, "చెట్టు పెరిగిందో లేదో చూడ్డానికి ఇద్దరు రావాలాండి, మేడం గారూ? నన్నడిగితే చెప్పేవోణ్ణి కదండి" అన్నారు. ఆవిడ నవ్వి, నా వైపు తిరిగి, "మీరు ఎలా కొలిచారో అలాగే కొలవండి" అన్నారు. నేను రెండో గుండీ దగ్గర బొటనవేలు పెట్టి టేపు చుట్టాను. ఆవిడ టేపు చూడలేదు. నా కాళ్లు చూశారు.

"చెప్పులేవండి?"

"బురద కదండీ, గట్టు మీద వదిలేశాను."

"వేసవిలో?"

వేసవిలో ఇసుక కాలుతుందని నేను వేసుకున్నవి మందపాటి అట్టల చెప్పులు. ఆవిడ తన సంచిలోంచి టేపు తీసి నేల నుంచి నా గుండీ దాకా పట్టి చూశారు. చెప్పులు లేక, పాదాలు దిగబడి, నాలుగు వేళ్లు కిందికి వచ్చింది. వానాకాలం కొలతలన్నీ నాలుగు వేళ్లు కింద, కాండం లావుగా ఉన్నచోట తీసినవే. చెట్లు పెరిగిన దాంట్లో కొంత, నేను కుంగింది.

మళ్లీ వేసవి, మళ్లీ వానలు. ఏడాది పోయింది, పోస్టు వేరే ఆయనకి వెళ్లింది. ఆయన పేరూ నాకు తెలుసు. ఆవిడతో అవసరానికి మించి మాట్లాడ్డం మానేశాను. ఆవిడ ఆ సంగతి గమనించినట్టే లేదు. సరిగ్గా టేపు చుట్టాల్సిన ఎత్తుకు కోసిన వెదురు కర్ర ఒకటి తెచ్చిచ్చి, వానలయ్యాక ప్రతి శనివారం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బురదలో నిలబడి, నేను చెప్పిన అంకెలు పుస్తకంలో రాసేవారు. గట్టిగా చెప్పమని మొదటి శనివారమే మూడుసార్లు విసుక్కున్నారు. ఆ ఏడాది చెట్లు ఓ మోస్తరుగా పెరిగాయి. చచ్చిన ఏడూ పెరగలేదు. ఆ ఏడు అంకెలు చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు డిగ్రీ చేతికి వచ్చినప్పుడు కూడా కలగలేదు. చెప్పుల సంగతంతా థీసిస్‌లో ఒక పేజీ రాశాను. వైవాలో పరీక్షకుడు అడగకముందే ఆవిడ ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టి, "ముందు ఇది చదవండి. నేను రాయమనలేదండి, ఈయనే రాసుకున్నారు" అన్నారు. నలుగురిలో నా తప్పు ముందుగా బయటపెట్టారని చాలాకాలం మండిపడ్డాను.

రిటైరయ్యాక ఆవిడ పాలకొల్లులో చెల్లెలి దగ్గర ఉండేవారు. చివరిసారి వెళ్లినప్పుడు అడిగేశాను. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా పని బాగుందని అనలేదండి మీరు."

"ఎన్నిసార్లు అడిగారండి?"

"ఇదే మొదటిసారి."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బాగుందండి. ఆ చెప్పుల పేజీ మరీ బాగుంది. ఒకసారికి ఒకటి. రాసుకోండి."

రాసుకున్నాను. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఫిర్యాదులు నేను ఇంకా రాస్తూనే ఉన్నాను, కాలవ వాళ్ల మీద, బస్సుల మీద. ఏ ఒక్కదాంట్లోనూ "ఎప్పుడూ" అన్న మాట ఉండదు. ఇవాళ కూడా తోటకి కొలతలకే వెళ్తున్నాం. వెదురు కర్ర నా ఒళ్లో ఉంది, పక్క సీట్లో నా విద్యార్థిని లావణ్య. పొద్దుటి నుంచి నా మీద ఏదో కోపంగా ఉంది. ఆ అమ్మాయి కూడా గుర్తు పెట్టుకునే రకమే. లారీ పక్కకి తప్పుకున్నాక చెట్ల జాబితా తీసి అడిగింది.

"సార్, చచ్చిపోయిన చెట్లు కూడా కొలవాలాండి?"

"ముందు అవే కొలవండి" అన్నాను.